అటమ్మాయి రాయబారం

భాష రావాలంటే బాగా మాట్లాడుకునే ఇంట్లో అద్దెకుండాలని పంతులుగారు చెప్పారు. చెప్పి, ఊరు మొత్తమ్మీద మొగుడూ పెళ్లాలు మాట్లాడుకోని ఒకే ఒక్క ఇంటికి ఆ అమ్మాయిని పంపించారు. పాపం, ఆయన తప్పేం లేదు. ఆ వీధిలో ఎప్పుడు నడిచినా ఆ ఇంట్లోంచి రెండు గొంతులూ ఖంగుమని వినబడుతూనే ఉండేవి. ఆ రెండూ పిల్లితో మాట్లాడుతున్నాయని ఆయనకేం తెలుసు?

ముందు గదిలో ఇంటావిడ బట్టలు కుట్టేది. వెనక గదిలో ఇంటాయన కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. మధ్యలో ఒక కర్టెను. "పిల్లీ, భోజనం వడ్డించానని ఆయనతో చెప్పు" అని ఆవిడ అనేది. "పిల్లీ, ఆకలి లేదని ఆవిడతో చెప్పు" అని ఆయన అనేవాడు. పిల్లికి ఎవరి మాటా పట్టేది కాదు. అలాంటి సమయంలో పరాయి దేశం నుంచి, పెట్టె పట్టుకుని, మాటలు నేర్చుకుంటానంటూ ఒక ఆడపిల్ల గుమ్మంలోకి వచ్చి నిలబడితే వదులుతారా? మర్నాటికల్లా పిల్లికి పదవీ విరమణ అయింది. ఎదురు అద్దె ఇచ్చి మరీ ఆ ఉద్యోగంలో చేరిన ఘనత ఆ అమ్మాయిదే.

ఆవిణ్ణి పిన్ని అనీ, ఆయన్ని బాబాయ్ అనీ పిలవడం మొదట వచ్చింది. తర్వాత వచ్చినవన్నీ మోసుకెళ్లే మాటలే. "బాబాయ్, నీళ్లు కాగాయట." "పిన్నీ, సబ్బు అయిపోయిందట." "బాబాయ్, పిన్నికి బాబిన్ మీద దారం సరిగ్గా చుట్టుకోవడం లేదట." ఇలా రోజంతా కర్టెను కిందుగా దూరి అటూ ఇటూ తిరిగేసరికి, ఈ భాషలో ప్రతి వాక్యం చివరా 'ట' ఉండి తీరాలని ఆ పిల్లకి గట్టి నమ్మకం కుదిరింది. పోస్టాఫీసుకు వెళ్లి, "నాకు పార్సిలు వచ్చిందట, నేను పరాయి దేశం దాన్నట" అంది. "ఎవరన్నారమ్మా?" అని గుమాస్తా కంగారుపడ్డాడు. వారం తిరిగేలోగా ఊరంతా ఆమెను అటమ్మాయి అనడం మొదలుపెట్టింది.

పంతులుగారు తల పట్టుకున్నారు. "నీకు ఆకలేస్తోందని కూడా నీకు ఎవరో చెబితే తెలిసినట్టు మాట్లాడతావేమిటమ్మా? ఇలా అయితే పరీక్షలో గట్టెక్కవు" అన్నారు. గట్టెక్కింది. ఇప్పుడు ఆమె తన దేశంలో అదే భాషకు పంతులమ్మ. ఆ 'ట' పాఠం వచ్చినప్పుడు మాత్రం పుస్తకం మూసేసి పిన్ని కథ ఎత్తుకుంటుంది.

పిన్నిది చూడగానే నచ్చే మొహం కాదు. మెడలో టేపు, పెదాల మధ్య గుండుసూదులు, వాటి సందుల్లోంచి పదునైన మాట. కానీ ఊళ్లో ఎవరి నడుము ఏ ఏడు ఎంత పెరిగిందో ఆవిడకి తెలుసు, ఎవరికీ చెప్పదు. టేపు చుట్టి, అంకె చూసి, "ఏం మారలేదమ్మా, అలాగే ఉన్నావు" అని నిబ్బరంగా అబద్ధమాడి, పాత కొలత కంటే రెండు వేళ్లు వదులుగా కుట్టేది. తొడుక్కున్నవాళ్లు పొంగిపోయేవాళ్లు. ఈ మర్యాద ఏ కుట్టుమిషనుకూ తెలిసే అవకాశం లేదు.

బాబాయ్‌కీ తెలియలేదు. ఆలుమగల కలహం అద్దం మీద ఆవగింజ నిలిచినంతసేపంటారు. ఈ ఇంట్లో ఆ ఆవగింజను బంకపెట్టి అతికించింది ఆయనే. ఒకనాడు ఎవరో కస్టమరు పిన్ని కుట్టు చూసి మెచ్చుకుంటుంటే, స్క్రూడ్రైవరుతో కర్టెనులోంచి తల బయటపెట్టి, "కుట్టేది మిషనమ్మా, ఈవిడ ఊరికే కూర్చుని తొక్కుతుంది" అని నవ్వాడు. కస్టమరు కూడా నవ్వింది. పిన్ని ఆ కుట్టు చివరిదాకా కుట్టి, దారం తెంపి, ఆయనతో మాట కూడా అక్కడే తెంపేసింది. అది జరిగి ఎన్నేళ్లయిందో ఇద్దరూ రెండు లెక్కలు చెప్పేవారు.

"పిన్నీ, నీకింకా కోపమట?" అని ఒకసారి అమ్మాయి అడిగింది.

"కోపం ఎప్పుడో చల్లారిపోయిందే. తప్పు నాదే అని ఆ నోటితో ఒక్కసారి అంటే చాలు. అది వినకుండానే పోతానేమోనని బెంగ" అంది పిన్ని. అని, "ఇది మాత్రం మోసుకెళ్లావంటే కాళ్లు విరగ్గొడతాను" అని కూడా అంది.

ఆ తర్వాత బడులు తెరిచే రోజులొచ్చాయి. యూనిఫారాలు గుట్టలుగా పడి ఉండగా పిన్నికి జ్వరం వచ్చి వెనక గదిలో మంచమెక్కింది. కస్టమర్లు వచ్చి గుమ్మంలో గోల పెడుతుంటే బాబాయ్ చొక్కా చేతులు దులుపుకుని, "ఏముంది, కుట్టేది మిషనే కదా!" అంటూ ముందు గదిలో కూర్చున్నాడు. తను నూనె వేసి, తను బెల్టు మార్చిన మిషనే. మర తిరిగింది, సూది దిగింది, కాలరు మాత్రం కుందేలు చెవుల్లా తయారైంది. విప్పాడు, మళ్లీ కుట్టాడు. ఈసారి వంకర పోకుండా ఎడమచేత్తో గట్టిగా అదిమిపెట్టి తొక్కాడు. లేవబోతే చెయ్యి రాలేదు. తన చొక్కా కఫ్ కూడా ఆ కాలరులో కలిపి కుట్టేసుకున్నాడు. కుట్టు విప్పే ఓపిక ఎవరికీ లేక, అమ్మాయి కత్తెర తెచ్చి కఫ్ కత్తిరించి ఆయన్ని విడిపించింది.

బాబాయ్ చాలాసేపు ఆ మిషను వైపే చూశాడు. తర్వాత నేల చూపులు చూస్తూ, "తప్పు నాదేనని పిన్నితో చెప్పు" అన్నాడు.

అమ్మాయికి పట్టరాని ఆనందం. ఒక్క పరుగున మంచం దగ్గరికి వెళ్లి, "పిన్నీ! తప్పు బాబాయ్‌దేనట!" అంది.

పిన్ని దుప్పటి తోసి లేచి కూర్చుంది. "ఆయనదేనట! వెటకారమా నాతో?"

అమ్మాయికి పంతులుగారు తిట్టింది గుర్తొచ్చి, 'ట' తీసేసి, "తప్పు బాబాయ్‌దే" అంది.

"అది నీ మాట. ఆయన మాటేది?"

"అదే, తప్పు తనదేనని చెప్పమన్నారు."

"చెప్పమన్నాడా? చెప్పడానికి ఆయనకి నోరు లేదా? మిషను మాట్లాడదు గానీ మనిషికేం వచ్చింది? ఇక నువ్వు ఎవరి మాటలూ మొయ్యకు. ఈ సంగతి ఆయనతో చెప్పు... వద్దు, ఇది కూడా చెప్పకు!"

అమ్మాయి అడకత్తెరలో పోకచెక్కలా మంచం కోడు దగ్గర కూర్చుండిపోయింది. ఇంట్లో ఎంతో కాలానికి నిజంగా చడీచప్పుడూ లేకుండా పోయింది. ఇంతలో కర్టెను కదిలింది. ఒక చేతికి కఫ్ ఉండి, రెండో చేతికి లేకుండా బాబాయ్ లోపలికొచ్చాడు.

"మీరు..." అని ఆగిపోయాడు. మళ్లీ ఊపిరి పీల్చుకున్నాడు. "మీరు కుడితేనే అది కుట్టు. తప్పు నాదే."

పిన్ని అలవాటు చొప్పున అమ్మాయి వైపు తిరిగి, "నన్ను మీరంటాడేమిటే ఈయన?" అంది.

అమ్మాయి నోరు తెరవబోయి, గబుక్కున మూసేసుకుంది. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. పిన్ని ఎదురు చూసింది. బాబాయ్ కూడా ఎదురు చూశాడు. చివరికి పిన్నే ఆయన వైపు తిరిగింది.

"ఏమయ్యా, నేనేమన్నా పరాయిదాన్నా?"

"నువ్వు అందామనే వచ్చాను" అన్నాడు బాబాయ్. "ఇన్నాళ్లయిపోయింది కదా, అనే హక్కుందో లేదో అనిపించింది."

పిన్నికి ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే, మందు ఎవరిస్తారని, కాలరు ఎవరు తగలెయ్యమన్నారని, మంచి చొక్కాను నాశనం చేశావని తిట్టడం మొదలుపెట్టింది. బాబాయ్ మంచం పట్టె మీద కూర్చుని ప్రతిదానికీ ఎదురు చెప్పసాగాడు. అమ్మాయి లేచి చెప్పులు వేసుకుని వీధిలోకి నడిచింది. ఎక్కడికని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. పరాయి ఊళ్లో తనను ఎవరూ పట్టించుకోనందుకు అంత సంతోషం ఆ అమ్మాయికి మళ్లీ ఎప్పుడూ కలగలేదు.