నేను నొక్కింది ఒక్కసారే!

ఇంజనీరింగ్ చివరి ఏడాది ప్రాజెక్టు కోసం, భీమవరం దగ్గర మా మావయ్య రొయ్యల చెరువుకి ఒక యాప్ చేశాను. ఫోన్‌లో బటన్ నొక్కితే, నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు తిరుగుతాయి. అదే బటన్ మళ్లీ నొక్కితే ఆగుతాయి. ఫోన్ నుంచి మోటార్లకి కబురు చేరవేసే పనిని, ఇంటర్నెట్‌లో ఎవరో రాసి ఉచితంగా పెట్టిన రెడీమేడ్ కోడ్‌కి, అదే లైబ్రరీ అంటారే, దానికి అప్పగించాను.

ఒకరోజు పొద్దున్నే మబ్బు పట్టింది. ఆక్సిజన్ తగ్గి రొయ్యలు పైకి తేలుతున్నాయి. నాలుగు నెలల పంట.

"నొక్కరా అల్లుడూ!" అన్నాడు మావయ్య.

దర్జాగా నొక్కాను. ఏరియేటర్లు తిరిగాయి. అంతలోనే ఆగాయి. మళ్లీ తిరిగాయి, మళ్లీ ఆగాయి. నా వేలు మాత్రం గాల్లోనే ఉంది.

"గాలి పెట్టమన్నానా, రొయ్యలకి సీరియల్ లైట్లు పెట్టమన్నానా?" అంటూ మావయ్య లుంగీ ఎగ్గట్టి షెడ్డుకి పరిగెత్తాడు. నేను బిగించిన వైర్లు పీకేసి, చేత్తో స్విచ్ వేశాడు. రొయ్యలు బతికాయి. నా పరువు సంగతి అడక్కండి.

గట్టు మీద సిగ్నల్ అంతంతమాత్రం. కబురు అందిందని మోటార్ల నుంచి జవాబు రాకపోయేసరికి, లైబ్రరీ నా నొక్కుడునే మళ్లీ మళ్లీ పంపిందట.

"ఇలా చేస్తుందని అది రాసినాయన చెప్పలేదేంట్రా?"

"చెప్పాడు మావయ్యా. దాన్ని ఎలా వాడాలో రాసిన మొదటి పేజీలోనే ఉంది."

"మరి?"

మరేముంది? ముక్కూమొహం తెలియని మనిషి ఉచితంగా రాసిపెట్టాడు, జాగ్రత్తా చెప్పాడు. చదివిపెట్టడం కూడా ఆయన పనే అనుకున్నాను.