వాహెద్ కొలతలు తీసిన రాష్ట్రపతులు

దేశానికి కాబోయే రాష్ట్రపతి ఎవరో జమ్మికుంటలో దర్జీ వాహెద్‌కు తప్ప ఇంకెవరికీ తెలియదు. అతనికైనా ఒక్క పేరు తెలుసని కాదు, పదకొండు పేర్లు తెలుసు. పదకొండు మందీ జమ్మికుంట వాళ్లే. ఎన్నికకు ఇంకా రెండేళ్లుంది కాబట్టి ఈలోపు పేర్లు పెరిగినా పెరగవచ్చు.

మామూలు మనుషులు ఎన్నికలొచ్చినప్పుడు ఎన్నికల గురించి మాట్లాడతారు. వాహెద్ అట్లా కాదు. కొత్త రాష్ట్రపతి ప్రమాణం చేసి ఇంకా కుర్చీలో కుదురుకోకముందే, పత్తి మార్కెట్ దారిలోని తన కొట్టులో మిషన్ ఆపి, "అయితే వచ్చేసారి ఎవరంటవ్?" అనేవాడు. టీవీలో పెద్దమనుషులు ఆ మాజీ మంత్రి కావచ్చు, ఈ గవర్నర్ కావచ్చు అని తలలు బద్దలు కొట్టుకుంటుంటే అతనికి నవ్వొచ్చేది.

"వీళ్లకు ఢిల్లీ తప్ప ఊర్లు కనవడయా? ముప్పై అయిదేండ్లు నిండాలె, మన దేశపోడై ఉండాలె. గంతే గదా. గసొంటోళ్లు మన గల్లీలనే నూరుమంది ఉన్నరు."

ఇంతవరకే అయితే ఊరు సర్దుకుపోయేది. కానీ ఒక పేరు అనుకున్నాడంటే ఆ మనిషికి కొలతలు తీసేదాకా వాహెద్‌కు అన్నం సహించదు. ఢిల్లీ నుంచి కబురు ఎప్పుడొస్తుందో తెలియదు. వచ్చిందంటే రేపే ప్రమాణం అంటారు. మంచి కోటు కుట్టాలంటే అయిదు రోజులు పడుతుంది. హడావుడిగా కుడితే మెడ దగ్గర బిగుసుకుంటుంది, దేశమంతా చూస్తుంది, జమ్మికుంట పరువు గంగలో కలుస్తుంది. అందుకని కొలతలు ముందే తీసి బుక్కులో రాసుకునేవాడు. కొలత కుదిరిందో లేదో చూడటానికి నమూనా అని ఒక జత మామూలు బట్టలు కుట్టి ఇచ్చేవాడు. నమూనాకు ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేవాడు కాదు.

మిర్చి బజ్జీల రామవ్వను ఎంచుకున్న రోజు బండి దగ్గర పెద్ద చర్చే జరిగింది.

"నాకు సంతకం రాదు కొడుకా," అంది రామవ్వ.

"వేలిముద్ర ఏస్తె నడుస్తదవ్వా."

"ఆ ఇంట్ల ఎన్ని అర్రలుంటయి?"

"మూడు వందల నలభై అంటరు."

"గన్ని అర్రలు ఎవలూడుస్తరు? నాతోని కాదు."

"ఊడ్శెటోళ్లు వేరే ఉంటరు. నువ్వు జర పాత రవిక ఒకటియ్యి, కొలతకు."

పత్తి వ్యాపారి సంపత్ సంగతి ఇంకోలా అయింది. కారు దిగి నేరుగా కొట్టులోకి వచ్చి, "నా పేరు గూడ రాస్కో భాయ్," అన్నాడు.

"నీకు ఛాన్స్ లేదు సేటూ."

"నాకేం తక్కువైందే?"

"ఏం తక్కువ లేదు. గదే కష్టం."

సంపత్ నెల రోజులు ఆ కొట్టు ముందు నుంచి కారు పోనివ్వలేదు.

ఇదంతా పక్కన స్టూలు మీద కూర్చుని వింటూ లోలోపల కుమిలిపోయిన మనిషి దశరథం. మరమగ్గం మీద పని చేసేవాడు. ముప్పై ఏళ్లుగా పని దిగగానే అదే కొట్టుకు వచ్చి, అదే స్టూలు మీద కూర్చుని, వాహెద్‌తో సగం చాయ్ పంచుకుని తాగే స్నేహితుడు. వాహెద్ ఊళ్లో హమాలీల పేర్లు కూడా రాశాడు కానీ దశరథం పేరు ఒక్కసారీ రాయలేదు. రాష్ట్రపతి కావాలని దశరథానికి కోరికేం లేదు. అయితే అడగకపోవడం మాత్రం మర్యాద కాదని అతని బాధ.

"రాష్ట్రపతికి జర ఎత్తుంటె బాగుంటది గదా భాయ్?" అని మెడ సాగదీసి అడిగేవాడు.

"హమాలీ బాలమల్లు పొట్టోడే. రాసిన గదా."

"ఓపిక గూడ ఉండాలె. నీ పక్కన ముప్పై ఏండ్లు కూసున్న. గింతకన్న ఓపికెవలికుంటది?"

"నీకింక టైం ఉన్నది దశరథం. తొందరపడకు."

ఆ ఏడు దశరథం పని చేసే షెడ్డుకు ఆర్డర్లు లేక నాలుగు నెలలు తాళం పడింది. సరిగ్గా అప్పుడే కూతురు నవీన డిగ్రీలో మొదటి స్థానం తెచ్చుకుంది. కరీంనగర్‌లో సభ పెట్టి మెడల్ ఇస్తారట, తల్లిదండ్రులను ముందు వరుసలో కూర్చోబెడతారట. నవీనకు తల్లి లేదు. తండ్రి పోకపోతే ఆమె తరఫు కుర్చీ ఖాళీగానే ఉంటుంది. పోదామంటే దశరథానికి ఉన్నవి రెండు అంగీలు. ఒకదానికి మోచేయి చిరిగింది. రెండోది పల్చబడి లోపలి బనీను కనిపిస్తుంది, ఆ బనీను సంగతి అడగకపోవడమే మంచిది. లోకానికి బట్ట నేసి నేసి తనకు బట్ట లేదని బిడ్డకు ఎట్లా చెప్తాడు?

"మోకాలు నొస్తుంది బిడ్డా, బస్సెక్కలేను," అని కొట్టులో కూర్చునే ఫోనులో చెప్పాడు. చెప్పి, ఆ నొస్తున్న కాలే తీసి రెండో కాలి మీద వేసుకున్నాడు.

వాహెద్ మిషన్ ఆపాడు. మెడలోంచి టేపు తీశాడు.

"దశరథం, లే."

"ఏందే?"

"మొన్నటి సంది సోంచాయిస్తున్న. ఈసారి నేతపని మనిషే నిలవడ్తడనిపిస్తుంది. చెయ్యి లేపు."

కొంచెం బెట్టు చేద్దామనుకున్నాడు దశరథం. కానీ చేతులు అప్పటికే లేచి ఉన్నాయి.

మూడో రోజుకు తెల్లటి లాల్చీ, పైజమా సిద్ధమయ్యాయి.

"గిది ఇంట్ల తొడుక్కుంటె కొలత తెల్వది," అన్నాడు వాహెద్. "నూరుమంది నడుమ ముందు వరుసల కూసోవాలె. చప్పట్లు కొట్టాలె. చంకల కాడ పడ్తుందో లేదో చప్పట్లల్లనే తెలుస్తది."

"గసొంటి జాగ ఏడుంటది?"

"నాకేమెర్క? కరీంనగర్ దిక్కు ఏమన్న సభ ఉంటె సూడు."

దశరథం చాలాసేపు ఆలోచించాడు. "మా నవీన మెడల్ సభ ఉన్నది గని," అన్నాడు, తనకే ఆ ఉపాయం తట్టినందుకు మురిసిపోతూ.

"నడుస్తది," అన్నాడు వాహెద్ దారం కొరుకుతూ.

సభ రోజు పొద్దున బస్టాండులో బాలమల్లు కనిపించాడు. పత్తి బస్తాలు మోసే హమాలీ, ఏదో పెండ్లికి పోతున్నాడు. ఒంటి మీద అచ్చం అటువంటి తెల్ల లాల్చీయే.

"నీది గూడ నమూనానేనా?" అడిగాడు దశరథం.

"ఔనన్నా. వానకు మా ఇల్లు కూలిన యేడు కుట్టిండు."

"మరి రామవ్వకు?"

"పెనిమిటి సచ్చిపోయిన నెల."

దశరథం ఒక్కో పేరే అడిగాడు, బాలమల్లు ఒక్కో కష్టమే చెప్పాడు. పదకొండు పేర్లూ పూర్తయ్యేసరికి దశరథానికి నమూనాల మర్మం అర్థమైంది. పొద్దున అద్దం ముందు నిలబడి దేశ ప్రజలకు దండాలు పెట్టి చూసుకున్న సంగతి గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాడు.

"నేనింటికి పోత. గీ బట్టలు ఆయనకే ఇచ్చేస్త."

"ఎందుకే? గిది అందరికెర్కనే. చెయ్యి లేపుమన్ననాడే నాకెర్క. మనకెర్కయిందని ఆయనకే ఎర్క లేదు. వాపసిస్తె మనసు నొచ్చుకుంటడు. పదకొండు మందిమి కష్టపడి కాపాడుకొస్తున్నం, నువ్వు ఖరాబు చెయ్యకు."

కరీంనగర్ బస్సు వచ్చింది. దశరథం ఒకసారి ఇంటి దారి చూశాడు, ఒకసారి లాల్చీ చూసుకున్నాడు. బస్సెక్కాడు.

స్టేజీ మీంచి నవీన తండ్రి కోసం ఆశ లేకుండానే వెతికింది. ముందు వరుసలో తెల్లగా మెరుస్తున్న మనిషి ఎవరో ముఖ్య అతిథి అనుకుని చూపు తిప్పుకుంది, మళ్లీ చూసింది. "బాపూ," అన్న మాట మైకులోంచి హాలంతా వినిపించింది. దశరథానికి ఏడుపు పొంగుకొచ్చింది. లాల్చీ మీద మరక పడుతుందని ఆపుకుని చప్పట్లు కొట్టాడు. అందరూ ఆపేశాక కూడా కొట్టాడు.

మర్నాడు కొట్టుకు పోగానే వాహెద్ అడిగాడు, "నమూనా ఎట్లున్నది?"

"చంకల కాడ మంచిగనే ఉన్నది."

దశరథం స్టూలు మీద కూర్చుని, ముప్పై ఏళ్లలో మొదటిసారి స్నేహితుణ్ని దర్జీ కళ్లతో చూశాడు. వాహెద్ అంగీ కాలరు అరిగితే ఒకసారి తిరగేసి కుట్టుకున్నాడు. రెండో వైపు కూడా అరిగింది, కాలరుకు మూడో వైపు ఉండదు కదా, పోగులు లేచి నిలబడ్డాయి. దశరథం లేచి అతని మెడలోంచి టేపు లాగాడు.

"వాహెద్ భాయ్, లే."

"ఏమైందే?"

"నిన్న ముందు వరుసల కూసున్న గదా. పెద్ద పెద్దోళ్లు మాట్లాడుకుంటుంటె ఇన్న. నీ పేరు ఇనవడ్తుంది."

వాహెద్ కళ్లద్దాలు తీసి తుడిచాడు. "నేను నిలవడితె కోటెవలు కుడ్తరు?"

"బట్ట నేను నేస్త. మా బాపు చేతిమగ్గం అటక మీదున్నది, దించుత. కుట్టుడు ఢిల్లోళ్ల ఫికర్."

"నాకింక టైం ఉన్నది దశరథం. వచ్చేసారి సూద్దాం."

"గీ మాట నాకు మస్తు సార్లు జెప్పినవ్. చెయ్యి లేపు."

వాహెద్ కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని చేతులు లేపాడు. దశరథం టేపును ఛాతీ చుట్టూ తిప్పి, అంకెలు చూసి అయోమయంలో పడ్డాడు.

"అరె, అటు సెంటీమీటర్లు," అన్నాడు వాహెద్ రెండు చేతులూ పైకెత్తే ఉంచి. "ఇంచుల దిక్కు తిప్పి రాయి. తప్పు రాస్తె దేశమంత సూస్తది."