ఇద్దరికీ దిగని రొట్టె

మాకు ఏ జబ్బూ లేదు కాబట్టే ఆసుపత్రికి వెళ్లాం. ఇబ్రహీంపట్నం దగ్గరి మెడికల్ కాలేజీలో ఒక పరిశోధన జరుగుతోంది. ఏ బాధా లేని ఆడవాళ్ల మెడకు స్కాన్ చేసి, తెలియకుండా థైరాయిడ్ గడ్డలు ఎంతమందికి ఉంటాయో చూస్తారట. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని కనుక, విజ్ఞానానికి నా వంతు మెడ ఇద్దామనుకున్నాను. మా అత్తగారి ఆశయం ఇంకాస్త స్పష్టమైనది.

"నాకేం రోగం లేదని డాక్టరే చెప్తే, మా ఆడిబిడ్డ నోరు మూతపడ్తది."

ఆవిడకు ఫోన్ లేదు. ఇద్దరికీ నా నంబరే రాయించాను. ఒక శుక్రవారం సాయంత్రం ఫోన్ వచ్చింది.

"ఈ నంబర్ మీద ఇద్దరున్నారు మేడమ్. ఒకరికి గడ్డ కనిపించింది. సూదితో పరీక్ష చేయాలి."

"ఎవరికి? క్యాన్సరా?"

"పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. ఎవరి సంగతి వాళ్లకే ఎదురుగా చెప్పాలి, ఫోన్లో చెప్పకూడదు. సోమవారం ఇద్దరూ రండి."

గోప్యతను ఇంత శ్రద్ధగా కాపాడేవాళ్లను నేను అంతకుముందు చూడలేదు.

అత్తగారికి చెప్పాను. "వానికి చెప్పకు, ఆగమైతడు" అంది. వాడంటే ఆవిడ కొడుకు, మా ఆయన.

ఆ పూట జొన్నరొట్టె, గోంగూర పప్పు. తొలి ముక్కే నా గొంతులో ఆగింది. తలెత్తితే అత్తగారు నా మెడ వంకే చూస్తోంది. నేనూ ఆవిడ మెడ వంక చూశాను.

"నీకు దిగుతలేదా?"

"దిగుతోంది. మీకు?"

"నాకేమైంది?" అని చెంబెడు నీళ్లు తాగింది.

"రొట్టె గట్టిగైందా?" అన్నారు మా ఆయన, మూడోది అందుకుంటూ.

మర్నాటి నుంచి పోటీ మొదలైంది.

"గా గడ్డ నాదే పిల్లా. అరవై దాటిన, వస్తే నాకే రావాలె. నీ బిడ్డ ఇంకా మూడో తరగతి."

"గడ్డలు వయసు చూసి రావు అత్తయ్యా."

"సదువుకున్నవని అన్నీ నీకే గావాల్నా?"

ఆదివారం మటన్ వండుతూ నన్ను పొయ్యి పక్కన నిలబెట్టి, ఇన్నేళ్లలో ఎన్నడూ చెప్పని మసాలా పాళ్లు చెప్పింది. నాకు వినాలనిపించలేదు.

సోమవారం స్కూటీ మీద వెళ్లాం. ఎప్పుడూ వెనక కమ్మీ పట్టుకునే మనిషి ఆ రోజు నా భుజం పట్టుకుంది. ఆసుపత్రిలో నర్సు బయటికొచ్చి నా పేరు పిలిచింది. లేచింది మాత్రం అత్తగారు.

"మిమ్మల్ని కాదమ్మా."

"సక్కగ సూడు బిడ్డా. ఇద్దరిదీ ఒక్కటే నంబరు."

నేను లోపలికి వెళ్లాను. మింగడం కష్టంగా ఉందని డాక్టరమ్మకు చెప్పాను.

"ఇంత చిన్న గడ్డకు అలా ఉండదే. ఎప్పటినుంచి?"

"మీ ఫోన్ వచ్చినప్పటినుంచి."

ఆమె నవ్వలేదు. సూది గుచ్చేటప్పుడు మింగకూడదంది. శుక్రవారం నుంచి నేను అభ్యాసం చేస్తున్నది అదే.

మెడకు దూది అంటించుకుని బయటికొస్తే, అత్తగారి చేతిలో చాయ్ మీగడ కట్టి అలాగే ఉంది. ఆవిడ మెడలో ఏమీ లేదని అప్పటికే చెప్పేశారట.

"మీకేం లేదుగా అత్తయ్యా, తాగండి."

"దిగుతలేదు" అంది.

ఫలితం వచ్చేదాకా ఆవిడ జావతోనే గడిపింది. ఆడిబిడ్డకు ఫోన్ చేయమని ఒక్కసారి కూడా అడగలేదు.

క్యాన్సర్ కాదన్నారు. అప్పుడప్పుడూ చూపించుకుంటే చాలట. ఇంటికొచ్చి చెబితే అత్తగారు పీట వాల్చుకుని కూర్చుంది. రెండు రొట్టెలు తిని, మూడోది మాడ్చినందుకు నన్ను తిట్టింది.