మూడు వైపుల నుంచి బర్రె

నాచారంలో ఒక చిన్న బడి ఉంది. అక్కడ ఐదో తరగతి పిల్లలందరూ చూస్తుండగా ఒక బర్రె నన్ను చిత్తుగా ఓడించింది. ఆ బర్రెకు ప్రాణం కూడా లేదు. బోర్డు మీద దాన్ని గీసింది నేనే. నా పరువు పోయిన ఆ వైనం చెబుతాను. మొహమాటపడకుండా నవ్వుకోండి. అప్పట్లో నా గదిలో నవ్వడానికి ఎవరూ లేరు, ఆ లోటు మీరైనా తీర్చండి.

కాకినాడ నుంచి కొత్తగా వచ్చి, నాచారంలో వాల్వులు తయారుచేసే కంపెనీలో డిజైన్ ఇంజనీరుగా చేరాను. ఉప్పల్‌లో అద్దె గది. పని సంగతులు పక్కన పెడితే నాతో మాట్లాడేవి రెండే: ప్రెషర్ కుక్కర్, ఆఫీసు లిఫ్టులో తలుపు మూయమని బతిమాలే గొంతు. వాటిలో కుక్కరే కాస్త మనసు విప్పి మాట్లాడేది.

ఆదివారం మాత్రం మనుషుల మధ్య అన్నం తినేవాణ్ని. కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు ప్రభుదాస్ గారు ఆ నాచారం బడికి హెడ్మాస్టరు. ఆయన భార్య సునంద ఆంటీ అక్కడే డ్రాయింగ్ టీచరు. చర్చి నుంచి రాగానే ఆంటీ మెట్ల దగ్గర నిలబడి, "బిడ్డా, కూర సల్లారుతున్నది, జల్ది రా!" అని కేక వేసేది. ఆ కేక కోసం నేను పొద్దున్నుంచే ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చునేవాణ్ని. ఈ మాట మన మధ్యే ఉండనివ్వండి.

అలాంటి అన్నం దగ్గర నా నోట్లో నేనే మట్టి కొట్టుకున్నాను.

ఒకరోజు ప్రభుదాస్ గారు, "కంప్యూటర్ల టైంటేబుల్ జేసిస్తవా? పిల్లలకు లెక్కలు సాలుతలేవు" అన్నారు. అడగడమే ఆలస్యం, రంగురంగుల గడులతో దిగిపోయాను. పరీక్ష లేదు, మార్కులు లేవు, పుస్తకం లేదు. డ్రాయింగ్ పీరియడ్ నా కంటికి ఖాళీ గడిలా కనిపించింది. మా బడిలో కూడా దాన్ని లెక్కల మాస్టారే లాక్కునేవారు. నాకేమైంది, బాగానే ఉన్నాను కదా! తీసేసి లెక్కలు పెట్టాను. అది ఎవరి పీరియడో నాకు తట్టనే లేదు.

ఆ ఆదివారం ఆంటీ పప్పు వడ్డిస్తూ ఆగింది.

"నా పీరియడ్ యాడికి వోయింది బిడ్డా?"

"అది... ఆప్టిమైజ్ అయిందండీ."

"గదేం రోగం?"

ప్రభుదాస్ గారు కంచంలోకి తల దూర్చి, "పిలగాడు మంచిగనే జేసిండు గదా" అని గొణిగారు.

"మీరు జర ఆగుండ్రి. బొమ్మలతోని ఏమొస్తదంటవ్ బిడ్డా?"

"అలా కాదు ఆంటీ. ఇంజనీరింగ్ డ్రాయింగ్‌లో నేను కాలేజీ ఫస్టు. గీయడం ఎవరికైనా తర్వాత వచ్చేస్తుందండీ."

"అట్లనా? శనివారం నీకు సెలవే గద. వచ్చి ఒక్క క్లాసు సెప్పు. నీ మాట నిజమైతే నేను ఇంట్ల కూసుంట. కాకుంటే నా పీరియడ్ నాకు పెట్టు."

అన్నం పెట్టింది కానీ, ఆ రోజు మామిడికాయ పచ్చడి నా వైపు రాలేదు.

శనివారం సుద్దముక్క పట్టుకుని, "ఏం గీద్దాం?" అన్నాను.

"బర్రె సార్!" రోజూ ఒకటి బడి గేటుకు అడ్డంగా పడుకుంటుందట.

వాల్వును ఎలా గీస్తానో బర్రెనూ అలాగే గీశాను. ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, పై నుంచి ఒకటి.

"స్కూటర్!" ముందు వైపు బొమ్మ చూసి ఒకడు అరిచాడు.

"అరే, ఆలుగడ్డకు కొమ్ములొచ్చినయ్‌రా!" పై వైపు చూసి ఇంకొకడు.

"గీ స్కూటర్‌కు తోకేది సార్?"

"ముందు నుంచి చూస్తే తోక కనిపించదమ్మా."

"మరి ఎన్కకు వోయి సూడుండ్రి సార్!"

వెనక బెంచీలో ఆంటీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇగ సాలు. ఎవరిల్లు వాళ్లు గీయుండ్రి. సార్, మీరు గూడ!"

ఇక్కడైతే నన్ను కొట్టేవాడు లేడనుకున్నాను. నా గది ప్లాను గీశాను: గోడ మందం, తలుపు వెడల్పు, కిటికీ, మంచం, అన్నీ కొలతలతో. పిల్లల బొమ్మల్లో గోడలు వంకర, కప్పులు పక్కకు ఒరిగిపోయాయి. కానీ లోపల నాయనమ్మ, తమ్ముడు, కోడిపుంజు, అలిగి మూల కూర్చున్న అక్క, ఆఫీసు వేళ సిటీ బస్సులా జనం.

రేచల్ అనే అమ్మాయి బోర్డు దగ్గరికొచ్చింది. "సార్, గీ ఇంట్ల ఎవ్వరుండరా?"

"నేనుంటాను."

"ఏడున్నరు మరి?"

వెతికాను. నిజంగానే లేను. గీద్దామని సుద్ద ఎత్తాను. మనిషిని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. చిన్నప్పుడు డ్రాయింగ్ పీరియడ్లలో మా మాస్టారు చేయించిన లెక్కలన్నీ గుర్తున్నాయి. ఒక్కటీ సాయానికి రాలేదు.

రేచల్ నా చేతిలోంచి సుద్ద లాక్కుని, కొబ్బరిచెట్టు జుట్టున్న ఒకణ్ని మంచం మీద కూర్చోబెట్టింది. కాసేపు వాణ్నే చూసింది. "రాత్రి ఒక్కరే ఉంటే బుగులైతది సార్" అంటూ పక్కనే ఒక బర్రెను గీసింది. తోకతో సహా.

"ఈ తలుపులోంచి బర్రె పట్టదు కదమ్మా" అన్నాను.

"తలుపు పెద్దగ జెయ్యుండ్రి!" అంది రేచల్, ఇంత చిన్న సంగతి కూడా ఈయనకు ఎవరూ చెప్పలేదా అన్నట్టు.

సాయంత్రానికల్లా డ్రాయింగ్ తన గడిలోకి తిరిగొచ్చింది. "మరి లెక్కలు?" అన్నారు ప్రభుదాస్ గారు. "లెక్కల్లో నాకే లోటూ లేదు సార్. అయినా బోర్డు దగ్గర ఏమైందో విన్నారుగా" అన్నాను. మర్నాడు మెట్ల కింద నుంచి కేక వినిపించింది: "బిడ్డా, నీ బర్రెను గూడ తోల్కరా!" పచ్చడి కూడా నా వైపు వచ్చింది.

కాబట్టి, కొలతలతో గీతలు గీసే నా డ్రాఫ్టర్ మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను: మళ్లీ జన్మలో ఏ బర్రెనూ మూడు వైపుల నుంచి గీయను, మనిషి లేకుండా ఏ ఇల్లూ గీయను. చిక్కల్లా ఏమిటంటే, మనిషి బొమ్మ నాకింకా రాలేదు. శనివారాలు వెనక బెంచీలో కూర్చుని నేర్చుకుంటున్నాను. తల గుండ్రంగా వస్తోందని రేచల్ ఒప్పుకుంది. మెడ సంగతి తర్వాత చూద్దామంది.