చిటికెడు ఉప్పు, లీటరు నీళ్ళు

పోయిన సోమవారం పొద్దున్నే మా మరిది ఫోను చేశాడు. మా అత్త ఇక లేదు. "నిద్దట్లోనే పోయింది వదినా" అన్నాడు. అంత భయస్తురాలు భయపడకుండా పోయిందే అని ఏడుపులోనూ నాకు కాస్త ఊరట కలిగింది.

నేను కాపురానికొచ్చేనాటికి మా ఊళ్ళో ఇంకా బియ్యానికి పడి కొలత, పూలకు మూర కొలత. అత్త మాత్రం దేనికైనా కిలో, లీటరు, మీటరు అనేది. "నువ్వు పొట్టిదానివి, నీ మూర నాకొద్దు" అని పూలమ్మే ఆమెతో పోట్లాడేది. మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం.

తొంభైల్లో ఒక ఎండాకాలం, ఏడాదైనా నిండని నా కొడుక్కి విరేచనాలు పట్టుకున్నాయి. మధ్యాహ్నానికి ఏడవడం కూడా మానేశాడు. కళ్ళు లోపలికి పోయాయి. సాయంత్రం దాకా తిరుపతి బస్సు లేదు. ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క ఓఆర్‌ఎస్ పొట్లం. సాయానికొచ్చిన మా అమ్మ దాన్ని చెంబు నీళ్ళలో కలపబోతే అత్త చెయ్యి పట్టుకుంది.

"లీటరని రాసుండాది. ఈ సొంబు లీటరేనా?"

పాలు కొలిచే లీటరు డబ్బా తెచ్చి, చెంబులో నీళ్ళు అందులో పోసింది. చాలా వెలితి.

"బిడ్డ ఇట్లుంటే కొలతలేంది వదినా? రవంత ఉప్పెక్కువైతే ఏమి?" అని మా అమ్మ విసుక్కుంది.

అత్త నా వైపు తిరిగింది. "నా పెద్దోనికి పిడికెడు చక్కెర, చిటికెడు ఉప్పు అన్నారు. ఒకసారి నేను కలిపినాను, ఒకసారి మా నాయన కలిపినాడు. ఎవురి చిటికెడు మే? ఉప్పెక్కువై పోయినాడో, నీళ్ళు సాలక పోయినాడో, ఈ పొద్దుటికీ నాకు తెలీదు."

మా ఆయనకు ముందు ఒక బిడ్డ పుట్టి పోయాడని నాకప్పుడే తెలిసింది. లీటర్లూ కిలోలూ పరాయివి, మన పాత కొలతలే ముద్దు అని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. కొలత బిడ్డను బతికిస్తుందని నేననను. కానీ ఎంత పోశామో తెలియని తల్లి ఎన్నేళ్ళయినా తననే అనుమానించుకుంటుంది.

లీటరు నిండాక కలిపి, వాణ్ణి ఒళ్ళో వేసుకుని చెంచాతో పోస్తూ కూర్చుంది అత్త. కక్కితే ఆగి మళ్ళీ పోసేది. నేను వాడి ఊపిరినే చూస్తున్నాను.

సాయంత్రం బస్సు హారను వినబడింది. లేవబోయిన అత్త అట్లాగే ఆగిపోయింది.

"ఉచ్చ పోసినాడు మే! పోసినాడు!"

పొద్దున్నించీ అదే మొదటిసారి; వాడి ఒంట్లో నీళ్ళు నిలిచినట్టే. తిరుపతి దాకా ఆమె ఆ తడి చీరతోనే కూర్చుంది. కిటికీ గాలికి ఆరిపోతుందేమోనని, తడిసిన కుచ్చిళ్ళను చేత్తో మూసి పట్టుకుంది.