మా మేనత్త గింజల అర్ర

మొన్న మంగళవారం మా బాపు రాసిన కార్డు వచ్చింది. కరీంనగర్‌లో మా ఇంటి గడప మీద నిలబడే చదివాను. "మీ అత్త పోయింది బిడ్డా. రెండు రోజులే జ్వరం. ఆఖరుకు తులసాకు వేసి పాలు పోయబోతే మూతి తిప్పుకున్నది. నీళ్లే పోసినం." అంతే రాశాడు. పోయిందన్న మాటకు నాకు ఏడుపు రాలేదు. మూతి తిప్పుకున్నదన్న చోట వచ్చింది. ఏడుస్తూనే నవ్వాను కూడా. ప్రాణం పోయేటప్పుడు సైతం ఆమె చేత ఒక్క చుక్క పాలు తాగించలేకపోయారు.

ఆమె మా బాపుకు చెల్లెలు, నాకు మేనత్త. చెన్నూరుకు అవతల, వాగు ఒడ్డున మా ఊరు. పదహారేళ్లకు ఆమెకు పెళ్లి చేసి పంపారు. అత్తగారింట్లో బర్రె ఈనింది. దూడ నాలుగు రోజులకే చచ్చిపోయింది. దూడ కనపడకపోతే బర్రె చేపదు, పొదుగులోకి పాలు దిగవు. అందుకని దూడ తోలు ఒలిపించి, లోపల గడ్డి కూరి, బర్రె ముందు నిలబెట్టారు. పల్లెల్లో ఇది వింతేమీ కాదు. బర్రె ఆ గడ్డిబొమ్మను నాకుతుంటే పాలు పిండే పని కొత్తకోడలికి పడింది. మొదటి రోజు పిండింది. రెండో రోజు చెంబు కింద పెట్టి లేచింది.

"నేను పిండ. ఇగ తాగ కూడా తాగ" అన్నదట.

ఆ రోజు నుంచి పాలు, పెరుగు, నెయ్యి, గుడ్డు, మాంసం ఏదీ ముట్టలేదు. అత్తగారు కొన్నాళ్లు బతిమాలింది, కొన్నాళ్లు తిట్టింది. చివరికి "మా తిండి తింటె ఉండు, లేకుంటె పో" అన్నారు. ఆమె చీరల మూట చంకన పెట్టుకుని మా ఊరికి నడిచి వచ్చేసింది. మళ్లీ పోలేదు.

ఊళ్లో ఆడవాళ్లు ఊరుకుంటారా? "ఏందే, బాపనామెవైనవా?" అని నవ్వేవాళ్లు. "బాపనోళ్లు నెయ్యి తాగుతరు గదనే. నేను గదీ తాగ" అనేది. ఆమె ఎవరి మాటకూ తల దించడం నేను చూడలేదు.

బాపు ఆమెకు వాన మీదే పండే కొంత చెలక రాసిచ్చాడు. దాన్ని ఆమె తన రెక్కల మీదే చేసుకున్నది. మా ఊరికి వానకాలం వస్తే వాగు పొంగి దారి తెగిపోతుంది. కూరగాయలు దొరకవు. అప్పుడు ఊరంతా మజ్జిగ మీద, గుడ్ల మీద, వాగు చేపల మీద వెళ్లదీసేది. ఆమెకు అవేవీ పనికిరావు. అందుకే ఎండకాలమంతా వానకాలం కోసం పని చేసేది. వంకాయలు, కాకరకాయలు, మామిడికాయలు చక్రాలుగా కోసి, ఉప్పు రాసి, మంచం మీద బట్ట పరిచి వరుగులు ఎండబెట్టేది. పుంటికూర, అదే గోంగూర, ఎండబెట్టి నలిపి కుండలో పోసేది. సోరకాయ వడియాలు పెట్టేది. అడవిలోంచి తెచ్చిన ఇప్పపువ్వును పెసరగింజంత తేమ కూడా లేకుండా ఎండబెట్టేది.

ఇవన్నీ ఇంటి వెనక చిన్న అర్రలో ఉండేవి. నేలకు మూరెడు ఎత్తున రాళ్లు పేర్చి, కర్రలు పరిచి, వాటి మీద వెదురుతో అల్లిన జొన్నల గుమ్మి నిలబెట్టింది. కందిపప్పులో వేపాకు, పెసర్లలో బూడిద కలిపేది. చింతపండు ఉప్పుతో దంచి కుండలో అదిమి మూతికి బట్ట కట్టేది. నువ్వులు, పల్లికాయ, అవిసెలు, బెల్లం, కుసుమనూనె, ఎండుమిరపకాయలు అన్నిటికీ చోటు ఉంది. వారానికోసారి గుమ్మిలో మోచేతి దాకా చెయ్యి పెట్టి గింజలు బయటికి తీసి వాసన చూసేది. కొత్తవి ఎప్పుడూ వెనక్కి పోసేది, పాతవి ముందు తినేది. ఏ కుండైనా సగానికి వస్తే మళ్లీ నింపందే ఆమెకు నిద్రపట్టేది కాదు.

"ఒక్క ప్రాణానికి గింత ఎందుకే?" అని మా అవ్వ, నన్ను కన్నతల్లి, గొణిగేది.

"కడుపు నిండినోనికి వానకాలం యాదికి రాదు వదినె" అనేది అత్త.

రజాకార్ల గడబిడ సద్దుమణిగి కొన్నేళ్లయింది. నేను తొలికాన్పుకు పుట్టింటికి వచ్చాను. నాకు పదిహేడేళ్లు. శ్రావణంలో కొడుకు పుట్టాడు. ఆ వారంలోనే వాన పట్టుకుంది. వాగు ఎప్పటికన్నా ఎక్కువ పొంగి, ఊరి కింది వీధి దాకా వచ్చింది. మా ఊళ్లో చాలా ఇళ్లవాళ్లు గింజలు భూమిలో పాతర వేసుకునేవాళ్లు. పాతరల్లోకి నీళ్లు దిగి జొన్నలు మొలకెత్తి కుళ్లిపోయాయి. అదే అదనుగా పశువులకు గాలికుంటు తగిలింది. పాలు ఆగిపోయాయి. కోళ్లు కూడా తెగులు తగిలి చచ్చిపోయాయి.

బాలింతకు పాలూ నెయ్యీ లేకుంటే చనుబాలు ఎండిపోతాయని ముసలమ్మలు మా అవ్వను బెదిరించారు. అవ్వ నా పక్కన కూర్చుని కళ్లు తుడుచుకున్నది. అత్త మాత్రం నువ్వులు వేయించి బెల్లంతో దంచి ముద్ద చేసి నా చేతిలో పెట్టింది.

"తిను బిడ్డా. ఫికర్ చెయ్యకు. బర్రె పాలు బర్రె దూడకు, నీ పాలు నీ కొడుక్కు. నీ పాలకు కావలసింది నేను పెడ్త."

పొద్దున జొన్న అంబలి, మధ్యాహ్నం పెసరపప్పు, సాయంత్రం మళ్లీ నువ్వుల ముద్ద. నా పాలు ఎండలేదు. నా కొడుకు ఇప్పుడు నాకంటే జానెడు ఎత్తున్నాడు.

వాగు పొంగిన ఐదో రోజుకు ఊళ్లో సగం ఇళ్లలో పొయ్యి వెలగలేదు. ఊళ్లోవాళ్లు అంటరానివాళ్లని దూరం పెట్టిన వాడ అయితే సగం నీళ్లలోనే ఉంది. అక్కడి ఆడవాళ్లు పిల్లల్ని ఎత్తుకుని మా పశువుల కొట్టం ముందు నిలబడ్డారు. అత్త అర్ర తలుపు తీసింది.

"పెద్ద కాగు దించు అన్నా" అన్నది బాపుతో.

"నీకు?" అన్నాడు బాపు.

"నేను అందరిల ఒకదాన్ని కానా? ఆకలికి ముందు సిగ్గు పోతది, తర్వాత బుద్ధి పోతది. బుద్ధి పోకముందే వండాలె."

కొట్టంలో మూడు రాళ్ల పొయ్యి పెట్టారు. వాడవాళ్లు ఇంటి చూరులో దాచిన ఎండు కట్టెలు తెచ్చారు. జొన్నరవ్వ ఉడికించిన గటుక, వంకాయ వరుగుల పులుసు. ఆ వాసనకు ఊరు ఊరే కదిలి వచ్చింది. ఊరి శిస్తు వసూలు చేసే మాలీ పటేల్ కూడా గొడుగు వేసుకుని వచ్చాడు. ఊళ్లో ఆయన మాట దాటినవాళ్లు లేరు.

"మంచి పని చేసినవ్. ముందు మనోళ్లకు పెట్టు. మిగిలింది వాడోళ్లకు దూరంగ పోస్తె తీసుకపోతరు" అన్నాడు.

అత్త గరిటె కాగులోంచి తీయకుండానే అన్నది. "అందరు ఒక్క బంతిల కూసుంటరు పటేలా. కూసున్నోళ్లకే పెడ్త."

"ఊరి కట్టు తప్పుతున్నవ్, చూస్కో."

"ఊరి కట్టు వాగుల కొట్టుకపోయింది. గింజలు నావి, పొయ్యి నాది. కూసునేటోళ్లు కూసోండ్రి, పోయేటోళ్లు పోండ్రి."

మా అవ్వ భయంతో అత్త కొంగు పట్టి లాగింది. మనవాళ్లు అనుకున్నవాళ్లు ఒక్కొక్కరే లేచి పోసాగారు. వాడ ఆడవాళ్లు కూడా "మాతోని మీకు పరేషాన్ ఎందుకమ్మా, దూరంగనే పొయ్యరాదు" అని వెనక్కి జరిగారు. "కదలకుండ్రి" అన్నది అత్త. గొంతు వణికింది. ఆమె గొంతు వణకడం నేను విన్నది ఆ ఒక్కసారే.

అప్పుడు మా బాపు తల కిందికి వేసుకుని వచ్చి, వాడ ముసలాయన పక్కన చోటు చూసుకుని కూర్చున్నాడు. బాపు పెద్ద ధైర్యస్తుడేమీ కాదు. పటేల్ ఎదురైతే చెప్పులు చేత పట్టుకునే మనిషి. ఆకు తన ముందుకు లాక్కున్నాడు. అత్త మొదటి గటుక ముద్ద ఆ ముసలాయన ఆకులో వేసింది, రెండోది బాపు ఆకులో. నేను కొడుకును ఒళ్లో పెట్టుకుని అవతలి చివర కూర్చున్నాను. ఆ తర్వాత అవ్వ వచ్చింది.

ఆ రోజు ఊళ్లోవాళ్లలో మా ఇంటివాళ్లం తప్ప ఎవరూ తినలేదు. మరునాడు నాలుగిళ్లవాళ్లు వచ్చారు. మూడో రోజు పటేల్ భార్య కొంగు కప్పుకుని వచ్చి బంతి చివర కూర్చున్నది. అత్త ఆమెను ఏమీ అనలేదు, ఎక్కువా పెట్టలేదు. అందరికీ వేసినంతే వేసింది. పటేల్ మాత్రం రాలేదు. రోజుకు ఒక్కపూట, తొమ్మిది రోజులు ఆ పొయ్యి ఆరలేదు. చివరి రెండు రోజులు ఇప్పపువ్వు, పల్లికాయ ఉడకబెట్టి పెట్టింది.

వాగు కాస్త తగ్గి తెప్ప నడవగానే తాలూకా నుంచి రెవెన్యూ అధికారి గిర్దావర్ పటేల్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. సర్కారు రైతుల దగ్గర లెవీ కింద గింజలు వసూలు చేసే రోజులవి. అత్త గింజలు దాచిందని పటేల్ కబురు పంపాడు.

"సర్కారుకు చెప్పకుండ గింజలు దాచినవట?" అన్నాడు గిర్దావర్.

"దాచిన. రాండ్రి" అని అర్ర తలుపు బార్లా తెరిచింది. గుమ్మి అడుగు కనిపిస్తోంది. కుండలన్నీ కడిగి బోర్లించి ఉన్నాయి. ఆయన ఒక్కొక్కటి తిప్పి చూశాడు.

"గింజలేవి?"

"ఊరి కడుపుల ఉన్నయి. కోసి చూస్కుంటరా?"

గిర్దావర్ పటేల్ వైపు చూశాడు. పటేల్ గోడ వైపు చూశాడు. గిర్దావర్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, కాసిని మంచినీళ్లు అడిగి తాగి వెళ్లిపోయాడు.

దాని తర్వాత ఊరు మారిపోయిందని చెప్పను. పటేల్ మనుషులు రెండేళ్లు ఆమె చెలకలోకి పశువుల్ని తోలారు. కొందరు మా ఇంట్లో నీళ్లు తాగడం మానేశారు. "మానెయ్యనీ, మన కుండల నీళ్లు మనకే మిగులుతయి" అనేది. వాడ ఆడవాళ్లు మాత్రం ఎప్పుడొచ్చినా కొట్టం దాకా కాక అర్ర దాకా వచ్చేవాళ్లు. ఆమె పాడె వెంట ఎవరెవరు నడిచారో బాపు రాయలేదు. నాకు తెలుసు.

గిర్దావర్ వచ్చిపోయిన మరునాటి పొద్దు ఇప్పుడు నా కళ్లముందుంది. వాన వెలిసి ఎండ కాసింది. వాగు నడుముల్లోతుకు దిగింది. అత్త చీర పైకి దోపుకుని, ఖాళీ గంప నెత్తిన బోర్లించుకుని ఒడ్డు దిగింది.

"ఇంక తగ్గలే, రేపు పోరాదే!" అని అవ్వ ఒడ్డు మీది నుంచి అరిచింది.

"చెన్నూరు అంగడి ఇయ్యాల్నే వదినె" అని అత్త తిరిగి చూడకుండానే జవాబిచ్చింది.

ఎర్రటి నీళ్లు ఆమె నడుము చుట్టూ సుడి తిరుగుతున్నాయి. నట్టనడుమ ఎక్కడి నుంచో ఓ చెట్టుకొమ్మ కొట్టుకొచ్చింది. ఆమె ఆగింది. కొమ్మను పక్క నుంచి పోనిచ్చింది. గంప సర్దుకుని మళ్లీ అడుగు వేసింది.