సార్ వచ్చిన రోజు మిల్లుకు పోని తల్లులు

పిల్లలను చూసుకోవడం కూడా ఒక పనేనా అని నన్ను అడిగినవాళ్లంతా తమ పిల్లలను ఎవరో ఒకరికి అప్పజెప్పి బయటికి వచ్చినవాళ్లే. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తెలంగాణ ఇంకా రాని రోజులు. మిర్యాలగూడలో రైస్ మిల్లుల వెనక గల్లీలో రెండు గదుల ఇంట్లో కిరాయికి ఉండేవాళ్లం. పొద్దున ఏడింటికల్లా మా గల్లీ ఆడవాళ్లు మిల్లుకు పోయేవాళ్లు. ఉడికించిన వడ్లను సిమెంటు కళ్లంలో ఆరబోసి, ఎండలో అటూ ఇటూ నడుస్తూ కాళ్లతో తిరగేయడం వాళ్ల పని. అంగన్‌వాడీ తెరిచేది పదింటికి. అదీ మూడేళ్లు నిండిన పిల్లలకే. చంకలో పిల్లను ఏం చేసుకోవాలో ఏ సర్కారూ చెప్పలేదు. అందుకని నా దగ్గర వదిలి పోయేవాళ్లు. మొదట ఒకామె, తర్వాత ఆమె తోటికోడలు, ఆ తర్వాత గల్లీకి గల్లీయే. దూలానికి చీరలతో ఉయ్యాలలు కట్టాను. ఒకరిని నిద్రపుచ్చేలోపు ఇంకొకరు లేచేవాళ్లు. వాళ్లు ఇచ్చింది తీసుకునేదాన్ని, ఇవ్వకపోతే అడిగేదాన్ని కాదు.

వాళ్లలో ఒక చిన్నపిల్ల ఉండేది. తండ్రి వదిలేసి సూర్యాపేటలో ఇంకొకామెతో కాపురం పెట్టాడు. తల్లికి అటు అత్తా లేదు, ఇటు అమ్మా లేదు. మిగతా పిల్లలకు నేను కాకపోతే సొంతూళ్లో అమ్మమ్మో నాయనమ్మో ఉండేది. ఈ పిల్లకు నేను తప్ప దిక్కు లేదు. అప్పుడే నడక నేర్చింది, ఒక్కచోట కూర్చుంటే ఒట్టు. నా కొంగు పట్టుకుని ఇల్లంతా నా వెంటే తిరిగేది.

ఇంటి ఓనరుకు ఇది గిట్టలేదు. "ఇల్లు ఉండనీకి ఇచ్చిన, పిల్లల సంత పెట్టనీకి కాదు. సర్కారు బోర్డు తెచ్చి పెట్టు, ఉండు. లేకుంటే ఖాళీ చెయ్" అన్నాడు. బోర్డంటే పిల్లల కేంద్రానికి సర్కారు ఇచ్చే గుర్తింపు. అది వస్తే ఇల్లు నిలుస్తుంది, పిల్లలకు బియ్యం, పప్పు, పాలపొడి వస్తాయి. అంగన్‌వాడీ టీచరమ్మ దారి చెబితే దరఖాస్తు పెట్టాను. ఆఫీసు చుట్టూ తిరిగి చెప్పులు అరిగాక, సార్ చూడటానికి వస్తున్నాడని కబురు అందింది.

ముందురోజు సాయంత్రం ఆ చిన్నపిల్ల తల్లి వచ్చింది. "రేపు సారొస్తుండంట గద అక్కా. మేం లేకుంటే ఎట్ల?"

"మీరెందుకే. సూసేది పిల్లల్ని. మీరు మిల్లుకు పోండి."

"మంచిగ జెప్తివి. పెళ్లిచూపులకు పిల్లనొక్కదాన్నే కూసోబెడ్తరా?"

నాకూ నిజమే అనిపించింది. మన దగ్గర పెద్దమనిషి ఇంటికొస్తుంటే ఎవరి పని వాళ్లు చూసుకుని పోతే అంతకన్నా అవమానం లేదు. నలుగురు వెనక నిలబడితేనే మర్యాద, బలం.

మర్నాడు ఒక్కరూ మిల్లుకు పోలేదు. కూలి పోతే పోనీ అన్నారు. వాకిలి అలికారు, ముగ్గేశారు, కూల్‌డ్రింకు తెప్పించారు. పిల్లలకు తలంట్లు, కాటుక, మొహం నిండా పౌడరు. చిన్నపిల్లకు వాళ్లమ్మ పసుపురంగు ఫ్రాకు కొని తొడిగింది. కాస్త పెద్దది, అంచు తొక్కుకుని పడుతూ లేస్తూ తిరిగింది. మా గల్లీకి అంత కళ నేను ఎన్నడూ చూడలేదు.

సార్ మధ్యాహ్నానికి వచ్చాడు. కోదాడ వైపు మనిషి, మాట మెత్తన. గదులు చూశాడు, బాత్రూం చూశాడు, నీళ్ల బిందె మూత తీసి చూశాడు. అన్నింటికీ తల ఊపాడు. నా గుండె కుదుటపడింది. అప్పుడు గోడ వారగా పిల్లలను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ల మీద ఆయన చూపు పడింది.

"వీళ్లంతా ఎవరమ్మా?"

"పిల్లల తల్లులు సార్."

"తల్లులు ఇంటి దగ్గరే ఉంటే మీ కేంద్రం దేనికండీ?"

"రోజూ మిల్లుకు పోతం సార్. మీరొస్తుండ్రని ఇయ్యాల పోలే" అంది చిన్నపిల్ల తల్లి, ఎంతో సంబరంగా.

ఆయన నవ్వాడు. "నేను చూసిందే రాస్తానమ్మా. ఈ సాయం పనికి వెళ్లే తల్లుల పిల్లలకే. పనిలో ఉన్నారని మిల్లువాళ్లతో రాయించి పంపండి."

ఒకామె ఆయన ముందుకు పాదాలు చాపింది. వేడి వడ్లలో నడిచి నడిచి పగిలి, గట్టిపడిన పాదాలు. "ఇవి సూడు సారూ" అంది.

"కాళ్లు చూసి రాయలేను కదమ్మా" అని ఆయన జీపెక్కాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఆయన్ను ఏమీ అనలేక, "మిమ్మల్ని రావొద్దంటే ఎందుకొచ్చిండ్రే" అని వాళ్ల మీద పడ్డాను. తర్వాత అందరం కలిసి ఆ కూల్‌డ్రింకు తాగాం. ఏడుపొచ్చింది.

మిల్లుకు పోయి గుమస్తాను అడిగితే ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "రోజుకూలోళ్లకు కాయితమేంది? ఇయ్యాల కాయితమిస్తే రేపు పీఎఫ్ అడుగుతరు. నడువ్ నడువ్." మిల్లుకు వాళ్లు పనివాళ్లు కారు. సర్కారుకు వాళ్లు ఇంటి పట్టున ఉండే ఇల్లాళ్లు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుడూ పూజారీ ఒక్కటై ఎగ్గొట్టారు.

కేంద్రం అవసరం లేదని జవాబొచ్చింది. ఓనరు అన్నంత పనీ చేశాడు. మేం ఊరి అవతల ఒంటి గదిలోకి మారాం, అక్కడ పిల్లలను ఒప్పుకోమని ముందే చెప్పారు. గల్లీ పిల్లలను త్రిపురారానికో నేరేడుచర్లకో అమ్మమ్మల దగ్గరికి పంపారు. చిన్నపిల్లను పంపడానికి ఊరే లేదు.

కొన్నాళ్లకు ఉండబట్టలేక మిల్లుకు పోయాను. కళ్లం పక్కన, గోనె సంచుల నీడలో ఉంది ఆ పిల్ల. ఒంటిమీద అదే పసుపు ఫ్రాకు, మట్టి కొట్టుకుపోయి ఉంది. చీర పేలిక ఒక కొస కాలికి, ఇంకో కొస ఇనుప స్తంభానికి. నన్ను చూసి లేచి ఉరికింది. పేలిక బిగిసి బోర్లా పడింది. మళ్లీ లేచి, నా కొంగు కోసం చేతులు చాచింది.

వాళ్లమ్మ పొట్టు అంటిన కాళ్లతో పరుగెత్తుకుంటూ వచ్చింది. నా మొహం చూసి, వడ్లు ఉడికే గాబుల వైపు పిల్ల పోతుందేమోనని భయపడుతున్నాననుకుంది.

"పరేషాన్ గాకు అక్కా," అంది, "గట్టిగనే కట్టిన."